సెక్స్, జెండర్, సెక్సువాలిటీ: మూడింటికీ ‘లింగం’ ఒక్కటే సరిపోతుందా?

కొల్లేటి కొంగ

సభ్యులందరికీ నమస్కారం. నేను అనువాదాలు చేసి బతుకుతున్న మనిషిని. ఆశా కార్యకర్తలకూ, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకూ ఇవ్వబోయే ఒక శిక్షణ పుస్తకం ఇప్పుడు నా చేతిలో ఉంది. మొదటి అధ్యాయం మొదటి పేజీలోనే సెక్స్, జెండర్, సెక్సువాలిటీ అన్న మూడు మాటలూ వరుసగా ఎదురయ్యాయి. నిఘంటువు తెరిస్తే మొదటిదానికీ లింగమే, రెండోదానికీ లింగమే, మూడోదానికి లైంగికత. ‘సెక్స్ శరీరానికి సంబంధించినది, జెండర్ సమాజం నేర్పేది’ అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ‘లింగం శరీరానికి సంబంధించినది, లింగం సమాజం నేర్పేది’ అని తేలుతుంది. అది చదివిన ఆశా కార్యకర్త నన్ను తిట్టుకున్నా తప్పు లేదు. పైగా మా ఊళ్లో లింగం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శివాలయం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. అదే అధ్యాయంలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి జీవితం ఉదాహరణగా ఉంది. ఇంగ్లీషు రచయిత ఆ పేజీ అంతా ఆడా మగా తేల్చని ‘దే’ (they) అన్న సర్వనామంతో గట్టెక్కాడు. నేను ‘వచ్చాడు’ అని రాయాలా, ‘వచ్చింది’ అని రాయాలా? పదిరోజుల్లో పుస్తకం అప్పగించాలి. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

పాతబడి పంతులు

అమ్మా, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ చిక్కు భాష పేదరికం వల్ల వచ్చింది కాదు. ఇంగ్లీషులో కూడా ‘జెండర్’ అన్నది ప్రధానంగా వ్యాకరణ పారిభాషిక పదంగానే ఉండేది. దాన్ని మనుషుల ప్రవర్తనకు, సమాజం ఆడమగలకు అప్పగించే పాత్రకు వాడటం 1955లో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాతలతో మొదలై, ఆ తరువాత స్త్రీవాదుల చేతుల్లో స్థిరపడింది. వాళ్లు వ్యాకరణం నుంచి అరువు తెచ్చుకున్న మాటకు మన వ్యాకరణంలోని మాటను సమానార్థకంగా పెట్టుకున్నాం. తప్పు ఎక్కడా లేదు, కొంచెం ఇరుకు మాత్రం ఉంది.

వ్యాకరణంలో లింగమూ, శరీరమూ ఒకటి కావని మనవాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే తేల్చారు. స్తనాలు, కేశాలు ఉన్నది స్త్రీ, ఒంటినిండా రోమాలున్నవాడు పురుషుడు అన్న నిర్వచనాన్ని పతంజలి మహాభాష్యంలో చర్చకు పెట్టి, అలాగైతే మంచం అనే అర్థమున్న ‘ఖట్వా’ స్త్రీలింగం ఎలా అయింది, చెట్టు అనే అర్థమున్న ‘వృక్షః’ పుంలింగం ఎలా అయింది అని నిలదీశాడు. సంస్కృతంలో పెళ్లానికి ‘భార్యా’ అంటే స్త్రీలింగం, ‘దారాః’ అంటే పుంలింగం, అదీ బహువచనం, ‘కళత్రం’ అంటే నపుంసకం. ఒకే ఇల్లాలు, మూడు లింగాలు.

ఇక తెలుగుకు వస్తే మన పద్ధతి వేరు. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని విడదీశాడు. పురుషుణ్ణి చెప్పే మాట మహత్తు. స్త్రీ, పశువు, రాయి కానిదేదో అదే మహత్తు. మిగతాదంతా అమహత్తు. అందువల్ల ఏకవచనంలో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ దగ్గర మూడూ ఒకటే. బహువచనంలో మాత్రం స్త్రీలు లేచి పురుషుల పక్కకు వెళ్లి కూర్చుంటారు: అక్కలు వచ్చారు, అన్నలు వచ్చారు, ఆవులు వచ్చాయి. తమిళుడు ‘అవళ్ వందాళ్’ అంటాడు, కన్నడిగుడు ‘అవళు బందళు’ అంటాడు. స్త్రీకి ప్రత్యేకమైన క్రియారూపం వాళ్లకుంది, మనకు లేదు. నేను తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ముందు వరుసలోని ఆడపిల్లలు పుస్తకంలోంచి తల ఎత్తేవారు. మన సమాజం ఆడదాన్ని ఏ వరుసలో కూర్చోబెట్టిందో మన క్రియాపదమే చెబుతోందని నేను నమ్ముతాను.

సూటిమాట

పంతులుగారి పాండిత్యానికి నమస్కారం, కానీ ముగింపుతో నేను ఏకీభవించను. తమిళంలో స్త్రీకి వేరే క్రియ ఉంది కదా, అక్కడ కట్నాలు లేవా? భ్రూణహత్యలు జరగలేదా? మీరు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. గోండి, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా స్త్రీలు పశువుల పక్కనే ఉంటారని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారే రాశారు. అయినంత మాత్రాన గోండు స్త్రీ మన కోస్తా ఇళ్లలోని స్త్రీ కంటే అణగి ఉంటుందని ఆదిలాబాదు వైపు తిరిగినవారెవరూ అనరు. వ్యాకరణం చూసి సమాజాన్ని తీర్పు తీర్చడం చేతిరాత చూసి జాతకం చెప్పడం లాంటిది.

అసలు విషయానికి వస్తే, శరీరం ఉన్నది రెండు రకాలుగా. దాన్ని ప్రకృతి నిర్ణయించింది. ఇంతమంది కలిసి దాన్ని ఎందుకు ఇంత జటిలం చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

పాతబడి పంతులు

గోండి సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకుంటాను. వ్యాకరణం సమాజాన్ని తయారు చేయదు. కానీ కుర్రవాడొకడు తన పెళ్లాం గురించి స్నేహితుల దగ్గర ‘అది చెప్పింది’ అనీ, వాళ్లమ్మ గురించి ‘ఆవిడ చెప్పారు’ అనీ అన్నప్పుడు, ఆ ఎంపిక వ్యాకరణానిది కాదు కదా.

ప్రసవవార్డు

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. సూటిమాట గారూ, శరీరం రెండు రకాలే అన్న మాట కాన్పు గది బయట నిలబడి చెప్పడం తేలిక.

బిడ్డ తల బయటికి రాగానే తల్లి అడిగేది ‘ఏడుస్తోందా’ అని కాదు, ‘ఏం బిడ్డ’ అని. తలుపు బయట నిలబడ్డ ఆయమ్మకు అబ్బాయైతే ఒక రేటు, అమ్మాయైతే ఇంకో రేటు. బొడ్డు కోయకముందే సమాజం గదిలోకి వచ్చేసింది. ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా గోడ మీద ‘లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు కనబడుతుంది. ఆ బోర్డు 1994 నాటి చట్టం వల్ల వచ్చింది. కొల్లేటి కొంగ గారికి పనికొచ్చే సంగతి ఇదే: పల్లెటూరి గర్భిణికి కూడా ఆ బోర్డు మీది లింగం అంటే శరీరమని తెలుసు. కాబట్టి సెక్స్‌కు లింగం అనే మాట ఖాయం చేసుకోండి. అది ఇప్పటికే జనం నోట్లో ఉంది.

నా సర్వీసులో మూడుసార్లు ‘ఏం బిడ్డ’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక నిలబడ్డాను. ఒక బిడ్డ సంగతి బాగా గుర్తు. చూడటానికి మగబిడ్డలా ఉంది, కానీ వృషణాలు చేతికి తగలలేదు. నాయనమ్మ ఊరంతా పాలకోవా పంచి వచ్చింది. మా పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే అడ్రినల్ గ్రంథి లోపమని తేలింది. క్రోమోజోములు ఆడబిడ్డవి, గర్భసంచి కూడా ఉంది. ఆ జబ్బులో ఒంట్లోని లవణాలు పోయి రెండు మూడు వారాల్లో ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి మేము మందు కోసం పరుగులు పెడుతుంటే, తండ్రి మాత్రం బర్త్ సర్టిఫికెట్‌లో ఏం రాస్తారని అడుగుతూ కూర్చున్నాడు. ‘ఏదో ఒకటి కోసి సరిచేసేయండి, ఊళ్లో తలెత్తుకోవాలి’ అన్నాడు. ఆ కోతకు బిడ్డ ఆరోగ్యంతో పని లేదు. ఊరితో పని. ఇలాంటి పసిబిడ్డలకు ప్రాణావసరం లేని శస్త్రచికిత్సలు చేయకూడదని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోని వైద్యులు కూడా ఆ తీర్పును చదవాలని నా కోరిక.

ఇంకొక్క మాట. స్త్రీల పరుగు పందాల్లో ఎవరు స్త్రీ అన్నదానికి అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2011లో రక్తంలో టెస్టోస్టెరాన్, అంటే మగవారిలో ఎక్కువగా ఉండే హార్మోను, లీటరుకు 10 నానోమోల్ దాటకూడదని గీత గీసింది. 2014లో ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను ఆ గీత ప్రకారమే పక్కన పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నియమాన్ని ఆపించింది. తరువాత కొన్ని పందాలకు గీత 5 అయింది, 2023లో 2.5 అయింది, 2025లో జన్యు పరీక్షకు మారింది. పరుగెత్తే పిల్లల శరీరాలు అవే. గీత మాత్రమే జరుగుతూ వచ్చింది.

సూటిమాట

అమ్మా, మీ అనుభవం ముందు నేను వాదించను. అయితే అరుదైన వాటిని చూపి సాధారణాన్ని కొట్టేయలేం. కోరిక సంగతి తీసుకోండి. ఎవరి మీద కోరిక కలగాలో ప్రకృతే చెబుతుంది కదా, దానికి సమాజం నేర్పడమేమిటి?

డాలస్ తెలుగు

దీనికి మా ఇంట్లో జరిగిన ముచ్చట చాలు. వేసవిలో ఇండియా వెళ్లి వచ్చాక మా అమ్మాయి తన స్నేహితురాలికి పెళ్లి ఫోటోలు చూపిస్తూ, మా పిన్ని కొడుకు తన మేనమామ కూతుర్ని చేసుకున్నాడని చెప్పింది. ఆ పిల్ల ముఖం చూడాలి! మొదటి వరుస కజిన్‌ను పెళ్లాడటమా అని ఆ రోజంతా నమ్మలేదట. సరే, అది అమెరికా అనుకుందాం. మా పక్కింటి ఉత్తరప్రదేశ్ దంపతులు కూడా అంతే ఆశ్చర్యపోయారు.

సూటిమాట గారూ, మేనత్త కూతురు మీకు మరదలు. ఆమెను చిన్నప్పటి నుంచీ ‘నీ పెళ్లాం వస్తోందిరా’ అంటూ మిమ్మల్ని ఉడికించి ఉంటారు. పెదనాన్న కూతురు మీకు అక్క. ఆమె గురించి అలాంటి ఊహ వస్తేనే మీకు ఒళ్లు జలదరిస్తుంది. జన్యువుల లెక్కలో ఇద్దరూ మీకు సమాన దూరమే, ఇద్దరితోనూ మీకు ఉన్న పంపకం ఎనిమిదో వంతే. మేనమామ మేనకోడలిని చేసుకోవడం మనవైపు నిన్నమొన్నటి దాకా మామూలు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉంటే చెల్లుతుందని మినహాయింపు ఇచ్చింది. రక్తం ఒకటే అయినప్పుడు ఒకచోట సరసం, ఒకచోట జుగుప్స ఎవరు నేర్పారు? ‘మరదలు’, ‘అక్క’ అన్న రెండు మాటలే నేర్పాయి.

నల్లకోటు

హైదరాబాదులో న్యాయవాదిని. ఈ చర్చలో చట్టం మాట పైపైనే వచ్చినందుకు ఆశ్చర్యపోతున్నాను. సమాజం అభిప్రాయం సమాజంలోనే ఉండిపోదు, రిజిస్టరులోకి ఎక్కుతుంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం హిజ్రాల కోసమే రాసింది. ఆ నమూనాతోనే నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. నపుంసకులు అనదగ్గవారి పేర్లు, చిరునామాలతో పోలీసులు ఒక రిజిస్టరు నడపాలి. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం చాలు, పేరు ఎక్కుతుంది. ఎవరు నపుంసకుడన్నది వైద్యుడు ఒళ్లు చూసి తేల్చవచ్చు. పేరు ఎక్కినవారు ఆడబట్టలతో, నగలతో వీధిలో కనబడినా, వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకున్నా అంతే. దొంగతనమో దౌర్జన్యమో చేసినందుకు కాదు, చీర కట్టుకున్నందుకు రెండేళ్లు.

ఈ చట్టం నిజాంతో పోలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పేరు మార్చుకొని ‘తెలంగాణ ప్రాంత’ చట్టంగా పుస్తకాల్లో మిగిలింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్తలు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇవ్వాలని చెప్పింది. అప్పటికి తాము కోరుకున్న లింగ గుర్తింపు పౌరుల హక్కు అని సుప్రీంకోర్టు 2014లో చెప్పి తొమ్మిదేళ్లయింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ పట్టు 2018 సెప్టెంబరులో సడలి కూడా అప్పటికి అయిదేళ్లు కావస్తోంది. ఆ సెక్షన్ వాడిన ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాట మన పురాణాల్లోంచి రాలేదు, విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు నైతికత నుంచి వచ్చింది. ఇప్పుడు మన సంస్కృతి పేరుతో దాన్ని కాపాడాలనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

తెర వెనుక

నల్లకోటు గారు చెప్పిన ‘చీర కట్టుకున్నందుకు రెండేళ్లు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. సత్యభామ వేషం మా గురువుగారు వరుసగా రెండేళ్లు నేర్పారు. మొదటి నెలంతా అడుగులే లేవు. ఖాళీ బిందె చంకన పెట్టించి పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవారు. బిందె పెట్టుకుంటే నడుము దానంతట అదే ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు ఒంట్లో నిలిచాక బిందె తీసేసేవారు. తల తిప్పకుండా కళ్లు మాత్రమే తిప్పి చూడటం, నవ్వు వచ్చినప్పుడు పళ్లు కాకుండా చెంపలు నవ్వడం, అలిగినప్పుడు జడను ముందుకు వేసుకోవడం, ఇవన్నీ పాఠాలే. ఆడతనం పుట్టుకతో వచ్చేదైతే పన్నెండేళ్ల మగపిల్లాడికి అది పెరట్లో ఎలా అబ్బింది? మా అక్క నన్ను చూసి ‘నాకంటే నువ్వే బాగా నడుస్తున్నావు’ అని ఏడ్చినంత పని చేసింది. ఆమెకు నడక నేర్పినవారికి జీతం లేదు కానీ ఆమె కూడా నేర్చుకున్నదే.

బడిలో నన్ను ‘ఆడంగి’ అనేవారు. గుడి ముందు భామ వేషంలో తెర మీద నుంచి జడ వేసి సవాలు చేస్తే ఊరు చేతులు జోడించేది.

మన రంగస్థలం మీద సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావుగారికి పద్మశ్రీ 1956లో వచ్చింది. వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో వచ్చింది. ఆ 1956 నవంబరులోనే కదా తెలంగాణ, ఆంధ్ర కలిసింది. నల్లకోటు గారి చట్టం, స్థానంవారి పద్మశ్రీ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. తెర ముందు కట్టిన చీరకు పద్మశ్రీ, వీధిలో కట్టిన చీరకు జైలు. గుడ్డ ఒకటే. ఎవరు కట్టారు, ఏ కులం, తెర ఉందా లేదా, తెల్లవారాక విప్పేస్తారా అన్నవే లెక్క. ఇందులో నా గురువుల్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. ఆ వేషం వేసినన్నాళ్లూ నాకు ఈ ఆలోచన రాలేదన్నదే నా సిగ్గు.

పాతబడి పంతులు

అద్భుతంగా చెప్పారు. సాహిత్యంలోనూ ఇదే జరిగింది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పూర్తిగా అచ్చు వేయిస్తే, అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. వీరేశలింగం పంతులుగారంతటి సంస్కర్తకు కూడా ఆ కవయిత్రి శృంగారం మింగుడు పడలేదు. శృంగారం ఉన్నందుకే అయితే మగకవుల ప్రబంధాల్లో సగం నిషేధించవలసి వచ్చేది కదా అని నాగరత్నమ్మగారు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం పోయింది. కోరిక తప్పు కాలేదు, కోరికను ఆడది చెప్పడం తప్పయింది.

నిర్వాహకులు

ఒక సభ్యుడు రాసిన రెండు వాక్యాలను తొలగించాము. ‘కొజ్జా’, ‘మాడా’ వంటి మాటలను తిట్లుగా వాడటానికి ఇక్కడ వీలు లేదు. ఆ మాటల గురించి చర్చించవచ్చు.

మెతుకుసీమ

తొలగించకముందే ఆ రెండు వాక్యాలూ చదివాను. అంతకంటే పెద్దవే విన్నాను కాబట్టి వాటి సంగతి వదిలేస్తున్నాను. పంతులుగారితో ఒక మాట మాట్లాడాలని ఈ వేదికలో మొదటిసారి రాస్తున్నాను.

నేను మెదక్ దగ్గర ఒక పల్లెటూరి దాన్ని. సార్, ఈ ‘దాన్ని’ అన్న మాట రాయడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది. మీరు చెప్పిన అమహత్తు ఇదే కదా. స్త్రీని పశువుతో, బస్సుతో కలిపిన క్రియ అని మీ తరగతిలో ఆడపిల్లలు తల ఎత్తి ఉంటారు. నేను కూడా ఎత్తేదాన్నే, కానీ వేరే కారణంతో. ఇల్లు వదిలి వెళ్లాక తొమ్మిదో ఏట బోనాలకు తిరిగి వస్తే, మా అమ్మ వాకిట్లో నిలబడి లోపలికి కేకేసింది: ‘బిడ్డ వచ్చింది, నీళ్లు తీస్కరాండ్రి.’ అప్పటిదాకా ఆమె నోట నేను ‘వచ్చిండు’నే. ఆ ‘ది’ అన్న ఒక్క అక్షరం కోసం నేను ఎన్ని రాత్రులు ఎదురుచూశానో మీ వ్యాకరణంలో రాసి ఉండదు.

నాకు తెలుగులో ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. హిందీలో నేను వచ్చానని చెప్పాలన్నా ‘ఆయా’, ‘ఆయీ’లలో ఒకటి ఎంచుకోవాలి. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాడికి ఆనవాలు దొరుకుతుంది. తెలుగులో నేను వచ్చాను, నేను తిన్నాను, నేను ఏడ్చాను. నా గురించి నేను మాట్లాడినంతసేపూ క్రియ నన్ను ఏమీ అడగదు. ఇతరులు నా గురించి మాట్లాడినప్పుడే ‘డు’నా, ‘ది’నా అన్న పంచాయితీ.

ఒక కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తే గుమాస్తా నన్ను అడగలేదు, పక్క బల్లవాణ్ణి అడిగాడు: ‘ఏమని రాయాలి దీనికి?’ ఆ ‘దీనికి’, మా అమ్మ ‘వచ్చింది’ వ్యాకరణంలో ఒకటే. కానీ సార్, ఒకటేనా?

సూటిమాట

మెతుకుసీమ గారూ, తొలగించిన వాక్యాలు నావి కావు. అయినా ఒక ప్రశ్న మర్యాదగానే అడుగుతాను. ఇక్కడందరూ ఆడతనం, మగతనం సమాజం నేర్పేవని చెబుతున్నారు. మీ ఇంట్లో, బడిలో, ఊళ్లో అందరూ కలిసి మీకు మగతనమే నేర్పారు కదా. మరి మీకు ఎందుకు అంటలేదు? సమాజానికి అంత బలం ఉంటే మీరు ఉండకూడదు.

మెతుకుసీమ

మంచి ప్రశ్న. నాకు తెలిసినంతలో చెబుతాను. నన్ను సమాజం తయారు చేయలేదు. నాకు ఉన్న తలుపులను సమాజం తయారు చేసింది.

మా వైపు నాలాంటి బిడ్డ పుడితే మొదటి తలుపు కొమురవెల్లి. మల్లన్న పేరు మీద పసుపు పూసుకొని శివసత్తుగా మారితే చీర కట్టవచ్చు, జాతరలో మొక్కుతారు, కానీ దేవుడు ఒంటి మీదికి రావాలి. రెండో తలుపు హైదరాబాదులో గురువు ఇల్లు. అక్కడ చేలాగా, అంటే శిష్యురాలిగా, చేరితే హిజ్రావి అవుతావు, బధాయికి, అంటే శుభకార్యం జరిగిన ఇళ్లకు దీవెనలిచ్చి డబ్బు తీసుకోవడానికి, వెళ్తావు, అమ్మ, అమ్మమ్మ అన్న వరుసలు మళ్లీ కొత్తగా కుదురుతాయి, నిర్వాణం గురించి, అంటే మగ అవయవాలు తీసేసే కోత గురించి, మాట్లాడతారు. మూడో తలుపు హెచ్‌ఐవి నివారణ పథకాలతో వచ్చింది. ఆ సంస్థల ఫారాల్లో నేను ట్రాన్స్‌జెండర్. నేను రెండో తలుపు గుండా వెళ్లి మూడో దాంట్లోంచి బయటికి వచ్చాను. లోపల ఉన్న మనిషి ఒక్కతే. మొదటి తలుపు దగ్గర ఆగి ఉంటే ఈ రోజు మీరు నా కాళ్లకు మొక్కేవారు, రెండో దాని దగ్గర కారు అద్దం ఎత్తేసేవారు, మూడో దాని దగ్గర సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఆ సర్టిఫికెట్ కూడా 2019 చట్టం ప్రకారం కలెక్టరు ఇవ్వాలి. మీరు మగవారని మీకు ఏ కలెక్టరు ఇచ్చారు?

2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ అన్న గడిలో దేశమంతా కలిపి 4,87,803 మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. మా గురువు ఆ సంవత్సరం లెక్కలవాళ్లకు ‘ఆడ’ అనే చెప్పింది. ‘మేము ఇతరులమా, అయితే మొదటివాళ్లు ఎవరు?’ అని అడిగిందట. కాబట్టి ఆ అంకె కూడా గడి పేరును బట్టి వచ్చిందే. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. సిగ్నల్ దగ్గర నిలబడటం మాకు కొత్త కాదు, యూనిఫారంలో నిలబడటం కొత్త. అది నాలుగో తలుపు అనుకోండి.

సూటిమాట

జవాబు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. తలుపుల మాట ఆలోచిస్తాను. శరీరం విషయంలో నా అభిప్రాయం ఇంకా పూర్తిగా మారలేదు.

కొల్లేటి కొంగ

నేను ఒక మాట అడిగితే మీరందరూ ఒక అధ్యాయం ఇచ్చారు. నేను తీసుకున్న నిర్ణయాలు చెబుతాను, తప్పైతే ఇప్పుడే ఆపండి.

సెక్స్‌కు ‘లింగం’. బోర్డు మీది అర్థమే. జెండర్‌ను ‘జెండర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఆడవాళ్లు ఇలా, మగవాళ్లు ఇలా ఉండాలని సమాజం పెట్టిన కట్టుబాట్లు, వాటిలో మనిషి తనను తాను ఎక్కడ చూసుకుంటారన్నది’ అని విడమరిచి రాశాను. సెక్సువాలిటీకి ‘లైంగికత’, పక్కన బావామరదళ్ల ఉదాహరణ పెడతాను, డాలస్ తెలుగు గారి అనుమతితో. ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట మనుషుల్ని ఒక పనితో గుర్తుపెడుతోంది కాబట్టి తీసేసి ‘స్వలింగ ప్రేమికులు’ అని రాశాను.

ఆ ఉదాహరణలో ‘వారు వచ్చారు’ అని గౌరవ బహువచనం పెడదామని మొదట అనుకున్నాను. అందులో ఆడ, మగ తేడా ఉండదు. కానీ మెతుకుసీమ గారి ఉత్తరం చదివాక ఆ ‘వారు’ కలెక్టరాఫీసు గుమ్మం దగ్గర నిలబెట్టినట్టు అనిపించింది. అందుకని ఆ పేజీ మొత్తం ఆ మనిషే చెబుతున్నట్టు ఉత్తమ పురుషలోకి మార్చాను. మొదలు ఇలా ఉంది: ‘నేను పదో తరగతి దాకా మా ఊళ్లోనే చదువుకున్నాను. జెండర్ సమస్యతో బాధపడుతున్నానని పన్నెండేళ్లకే తెలుసుకున్నాను. ఇంట్లో చెప్పడానికి ఇంకో ఆరేళ్లు ఆగాను.’

మెతుకుసీమ

‘వారు’ మరీ చెడ్డదేమీ కాదు అక్కా, పోలీస్ స్టేషనులో ఎవరైనా అంటే తీసుకుంటాను. ఇంట్లో వద్దు.

రెండో వాక్యం మార్చాలి. పన్నెండేళ్లకు నాకు తెలిసింది నేను అమ్మాయినని. బాధ ఆ తరువాత బడి మరుగుదొడ్డి దగ్గర మొదలైంది.

ప్రసవవార్డు

ఆశా కార్యకర్తల పుస్తకమైతే పసిబిడ్డ సంగతి కూడా ఒక పేరా పెట్టండమ్మా. ఇల్లిల్లూ తిరిగేది వాళ్లే. చూసి తేల్చలేని బిడ్డ కనబడితే పేరు పెట్టడానికి తొందరపడవద్దని, ముందు పెద్దాసుపత్రికి పంపమని రాయండి.

కొల్లేటి కొంగ

రెండూ చేశాను. ఆ వాక్యం ఇప్పుడు ‘నేను అమ్మాయినని నాకు పన్నెండేళ్లకే తెలుసు’ అని ఉంది. పసిబిడ్డ పేరా ఏడో పేజీలో చేర్చాను, మీరు ఒకసారి చూసి మందు పేరు సరిదిద్దితే మేలు. మొదటి అధ్యాయం రేపు పంపిస్తున్నాను. రెండో అధ్యాయం తెరవగానే ‘కన్సెంట్’ ఎదురైంది. సమ్మతి, అంగీకారం, ఒప్పుదల అని మూడు మాటలు రాసుకొని కూర్చున్నాను. దానికి వేరే చర్చ తెరుస్తాను.